సెంటు బిళ్ళ మీద తప్పు: "ఎంతొస్తుంది?" కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చాలా చోట్ల ఒక సీసా కనపడుతుంది. ఆవకాయ అయిపోయాక కడిగి పెట్టిన సీసా, దాన్నిండా ఒక్క సెంటు బిళ్ళలు. ఖర్చు పెడదామంటే బద్ధకం, పారేద్దామంటే లక్ష్మి కదా అని మనసొప్పదు. ఇల్లు మారినప్పుడల్లా అది కూడా మనతోపాటే మారుతూ ఉంటుంది.

ఈ మధ్య ఆ సీసాలకి ఉన్నట్టుండి గౌరవం పెరిగింది. కారణం తెలిసిందే. 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో, జనం వాడకం కోసం కొట్టే సెంట్లలో ఆఖరివి కొట్టేశారు. 1793లో మొదలైన వ్యవహారం 232 ఏళ్ళకి ముగిసింది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక్క సెంటు తయారీకి 3.69 సెంట్లు అయిందట, అలాంటి వ్యాపారం ఎవరు మాత్రం ఎన్నాళ్ళు చేస్తారు? చెల్లుబాటు మాత్రం పోలేదు, ఉన్నవాటిని నిక్షేపంలా వాడుకోవచ్చు. కానీ "ఆగిపోయింది" అన్న మాట వినపడగానే మనవాళ్ళ మెదడులో "అయితే రేటు పెరుగుతుంది" అనే బల్బు వెలుగుతుంది. దానికి తోడు వీడియోలు. ఒక సెంటు బొమ్మ, దాని మీద పెద్ద ఎర్ర బాణం, "ఈ తప్పు ఉన్న బిళ్ళ మీ ఇంట్లో ఉంటే రెండు లక్షల డాలర్లు!" అని ఒక కేక. ఆ తప్పు ఎందుకొచ్చిందో, అదే అని ఎలా గుర్తుపట్టాలో మాత్రం ఒక్క ముక్క ఉండదు. చూసినవాళ్ళు సీసా బోర్లించి, కాస్త వంకరగా కనపడిన ప్రతి బిళ్ళనీ పక్కన పెట్టుకుని, "దీనికి ఎంతొస్తుంది?" అని మొదలుపెడతారు.

నా మటుకు నాకు ఆ ప్రశ్నే తప్పు అనిపిస్తుంది. డబ్బు గురించి అడగడం తప్పని కాదండోయ్. అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న: "ఈ తేడా ఎప్పుడు జరిగింది?" అచ్చు తయారుచేసేటప్పుడా, బిళ్ళ తయారయ్యేటప్పుడా, ముద్ర కొట్టేటప్పుడా, లేక టంకశాల గడప దాటాకా? దీనికి జవాబు చెప్పలేనివాడికి అమ్మేటప్పుడూ నష్టమే, కొనేటప్పుడూ నష్టమే.

ప్రొడక్షన్‌లో ఏదో తేడాగా ఉందని టికెట్ వస్తే మనం ఏం చేస్తాం? ఇది కోడ్‌లో ఉందా, డేటాలో ఉందా, ఆ ఒక్క రన్‌లో జరిగిందా, లేక యూజరుగారు ఏదో కెలికారా అని చూస్తాం. ప్రతిసారీ వస్తోందా, ఒక్కసారే వచ్చిందా అని అడుగుతాం. రోజూ చేసే ఈ పనిని సెంటు బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతామో అర్థం కాదు.

కాస్త ఓపిగ్గా తయారీ సంగతి చూద్దాం. ముందు బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న ఒక ఉక్కు ముద్ర ఉంటుంది, దాన్ని హబ్ అంటారు. దాన్ని మెత్తబరిచిన ఉక్కు దిమ్మెలోకి నొక్కితే బొమ్మ లోతుగా, తిరగబడి పడుతుంది. అది డై, అంటే అచ్చు. ఆ డైతో ఖాళీ బిళ్ళని కొడితే బొమ్మ మళ్ళీ ఉబ్బెత్తుగా నాణెం మీదికొస్తుంది. ఒక హబ్‌తో ఎన్నో డైలు, ఒక్కో డైతో లక్షల నాణేలు. ఇప్పుడు ఆలోచించండి. తప్పు డైలోనే ఉంటే, ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా అదే తప్పు, అదే చోట, అదే ఆకారంలో ఉంటుంది. దాన్ని డై వెరైటీ అంటారు. తప్పు కొట్టేటప్పుడు జరిగితే, అంటే బిళ్ళ పక్కకి జరగడమో, సగం తెగిన బిళ్ళ రావడమో అయితే, అది ఆ ఒక్క నాణేనికే పరిమితం. అది మింట్ ఎర్రర్. జేబులో, రోడ్డు మీద, బట్టలారబెట్టే డ్రైయర్‌లో జరిగితే అది ఉత్త దెబ్బ. మూడూ భూతద్దం కింద ఒక్కోసారి ఒకేలా కనపడతాయి. తేడా కథలో ఉంటుంది.

దీనికి అందరికంటే పేరున్న ఉదాహరణ 1955 డబుల్డ్ డై. ఆ రోజుల్లో హబ్‌ని ఒక్కసారి నొక్కితే బొమ్మ పూర్తిగా దిగేది కాదు. ఒకసారి నొక్కాక ఉక్కు గట్టిపడేది, దాన్ని కొలిమిలో పెట్టి మెత్తబరిచి మళ్ళీ నొక్కేవాళ్ళు. రెండోసారి కాస్త తిరిగిన కోణంలో కూర్చుంటే డై మీద రెండు బొమ్మలు పడతాయి. 1955లో ఫిలడెల్ఫియాలో సరిగ్గా అదే జరిగింది. తేదీ, అక్షరాలు రెండేసి, భూతద్దం అక్కర్లేకుండా కనపడతాయి. టంకశాలవాళ్ళు గమనించేసరికే ఇరవై వేల పైచిలుకు నాణేలు మంచివాటితో కలిసిపోయాయి. వాటికోసం మొత్తం రాశిని కరిగించడం దండగనుకుని వదిలేశారు. ఇప్పుడవి బాగా అరిగినా సరే, అసలుదని తేలితే వెయ్యి డాలర్లకి అటూ ఇటూ మొదలవుతాయి.

అదే 1955 సంవత్సరానికి "పేదవాడి డబుల్డ్ డై" అని ఇంకోటుంది. తేదీలో చివరి 5 పక్కన నీడలా ఇంకో గీత కనపడుతుంది. అది హబ్ తప్పు కాదు. డై కొట్టీ కొట్టీ అరిగిపోయి, అంచులు జారిపోవడం వల్ల వచ్చిన నీడ. ధర కొద్ది డాలర్లు. రెండూ ఒకటే ఏడాది, ఒకటే టంకశాల, చూడ్డానికి రెండూ "డబుల్". కారణం వేరు కాబట్టి వస్తువే వేరు. ఈ తేడా తెలియనివాడికి రెండోదాన్ని మొదటి దాని పేరు చెప్పి అంటగట్టడం ఎంత సులువో చూడండి.

మూడోది ఇంకా దగా చేస్తుంది. మెషిన్ డబ్లింగ్ అంటారు. డై కాస్త వదులుగా ఉండి, కొట్టిన క్షణంలోనే అదిరి, అప్పుడే పడిన అక్షరాన్ని పక్కకి తోసేస్తుంది. సీసాల్లోంచి తీసి "డబుల్డ్ డై దొరికింది" అని సంబరపడే నాణేల్లో ఎక్కువ భాగం ఇవే. గుర్తుపట్టడం కష్టమేం కాదు. అసలు డబుల్డ్ డైలో రెండు బొమ్మలూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి, అక్షరాల మూలల్లో చీలిక కనపడుతుంది, అక్షరం మొత్తమ్మీద లావెక్కుతుంది. మెషిన్ డబ్లింగ్‌లో రెండో బొమ్మ బల్లపరుపుగా, అరుగు మెట్టులా ఉంటుంది. అసలు అక్షరం లోంచే కొంత కోసేసినట్టు సన్నబడుతుంది. లావెక్కిందా, సన్నబడిందా? ఇంతే ప్రశ్న.

దీనికంటే నాకు ఎక్కువ నచ్చిన పరీక్ష ఇంకోటుంది. మన రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలదని తెలుసు కదా. అలాగే సెంటు మీద డి ఉంటే డెన్వరు, ఎస్ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఏమీ లేకపోతే మామూలుగా ఫిలడెల్ఫియా. వాడకం సెంట్లకి సంబంధించినంత వరకూ, 1989 దాకా ఈ అక్షరం హబ్‌లో ఉండేది కాదు. డై తయారయ్యాక ఒక మనిషి చిన్న పంచ్ పెట్టి, సుత్తితో ఒక్కో డై మీదా విడిగా కొట్టేవాడు. అంటే ఏంటి? హబ్ రెండుసార్లు తప్పుగా పడితే తేదీ, అక్షరాలు రెండవ్వాలి గానీ, తర్వాత కొట్టిన టంకశాల గుర్తు రెండవ్వడానికి వీల్లేదు! 1969 ఎస్ డబుల్డ్ డై సెంటు సరిగ్గా ఇలాగే ఉంటుంది. తేదీ, పైనున్న అక్షరాలు స్పష్టంగా రెండు, ఎస్ మాత్రం ఒక్కటే. మీ చేతిలో ఉన్న 1969 ఎస్‌లో తేదీతోపాటు ఎస్ కూడా అదే దిక్కుకి, అదే తీరున రెండుగా ఉంటే, అది డై తప్పు కాదు, కొట్టేటప్పుడు అదిరిన మెషిన్ డబ్లింగ్. తయారీ క్రమం తెలిస్తే చాలు, రేట్ల పుస్తకం తెరవకుండానే తీర్పు చెప్పేయొచ్చు.

ఈ నాణేనికే ఒక విషాదం కూడా ఉంది. అదే కాలంలో ఇద్దరు దొంగనోట్లవాళ్ళలాంటి ఘనులు 1969 తేదీతో, ఎస్ లేకుండా, నకిలీ డబుల్డ్ డై సెంట్లు తయారుచేశారు. దాంతో అమెరికా సీక్రెట్ సర్వీస్‌వాళ్ళు మొదట్లో బయటపడిన అసలు 1969 ఎస్‌లని కూడా అనుమానించి స్వాధీనం చేసుకున్నారు. తర్వాత గానీ అవి టంకశాల సరుకేనని తేలలేదు. "ఇది ఎలా పుట్టింది" అన్న ప్రశ్నకి జవాబు దొరకకముందే తీర్పు ఇచ్చేస్తే నకిలీని నెత్తిన పెట్టుకోవడమే కాదు, అసలుదాన్ని కూడా పోగొట్టుకుంటాం.

ఇంకా పాతవాటి దగ్గరికెళ్తే మనిషి చెయ్యి మరీ ఎక్కువ కనపడుతుంది. 1857 ఫిబ్రవరి చట్టంతో పాత పెద్ద రాగి సెంటు పోయి, 19 మిల్లీమీటర్ల చిన్న సెంటు వచ్చింది. మొదట ఎగిరే గద్ద బొమ్మ, 1859 నుంచి 1909 దాకా ఇండియన్ హెడ్, ఆ తర్వాత లింకన్. ఇండియన్ హెడ్ రోజుల్లో తేదీని కూడా ప్రతి డై మీదా చేత్తోనే కొట్టేవాళ్ళు. ఒకసారి కొట్టి, సరిగ్గా పడలేదని మళ్ళీ కొడితే అంకెల కింద పాత అంకెల ఆనవాళ్ళు మిగిలిపోయేవి. అంచు పళ్ళలోకి దూరిపోయిన అంకెలు కూడా దొరుకుతాయి. 1873లో అయితే టంకశాల ప్రధాన అధికారి ఒకాయన "మీ 3 చూస్తే 8 లా ఉంది" అని ఫిర్యాదు చేశాడు, దాంతో ఏడాది మధ్యలో 3 కొసలు విప్పి కొత్త పంచ్ చేయించారు. అందుకే ఆ సంవత్సరం సెంట్లలో మూసుకున్న 3, తెరుచుకున్న 3 అని రెండు రకాలు. ఇది తప్పు కూడా కాదు, తప్పు దిద్దుబాటు. మనం చేసే పాచ్ రిలీజ్ లాంటిది :)

1857 గద్ద సెంట్లలో ఒక వింత ఉంది. మధ్యలో బిళ్ళ లేకుండా పై డై, కింది డై ఒకదాన్నొకటి గుద్దుకుంటే, ఒకదాని బొమ్మ గీతలు రెండోదాని మీద పడతాయి. ఆ తర్వాత కొట్టే ప్రతి నాణెం మీదా ఆ నీడ కనపడుతుంది. ఇది మామూలు సంగతే. కానీ 1857 సెంట్లలో కొన్నిటి మీద ఇరవై డాలర్ల బంగారు నాణెం నీడ ఉంది, కొన్నిటి మీద అర డాలరుది, ఇంకొన్నిటి మీద పావు డాలరుది! అంటే సెంటు డై ఎప్పుడో ఎక్కడో వేరే నాణెం డైని గుద్దుకుంది. మామూలు పనిలో ఇవి రెండూ ఒకే ప్రెస్‌లో జతగా ఉండకూడదు. ఎందుకు ఉన్నాయి అన్నదాని మీద జనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కానీ "ఎప్పుడు" అన్నదాని మీద వాదన లేదు. అది డై మీద పడిన దెబ్బ, ఎందుకంటే ఆ నీడ ఒకే తీరుగా ఎన్నో నాణేల మీద ఉంది. పాత నాణేల గురించి మనం గట్టిగా చెప్పగలిగేది ఇలాంటిదే.

ఇక్కడ ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకుంటే సగం గొడవ వదులుతుంది. నాణెం మీద అదనంగా ఉబ్బెత్తుగా ఏదైనా ఉంటే, డై మీద ఆ చోట గుంటో పగులో ఉందన్నమాట, కాబట్టి అది టంకశాల పని అయ్యే అవకాశం ఎక్కువ. లోతుగా గీత ఉంటే, నాణెం తయారయ్యాక ఎవరో గీరి ఉండే అవకాశం ఎక్కువ. లింకన్ సెంట్లలో లిబర్టీ అన్న మాటలో బి కీ ఇ కీ మధ్య నిలువు గీత ఒకటి ఉబ్బెత్తుగా కనపడుతుంది, ఇంకో అక్షరం ఉన్నట్టే. అది అక్కడ డై చిన్న ముక్క ఊడిపోవడం వల్ల వచ్చింది. సూత్రానికి మినహాయింపులూ ఉన్నాయి. డైకీ బిళ్ళకీ మధ్య దారప్పోగో, గ్రీజు ముద్దో పడితే టంకశాలలోనే లోతు మచ్చ పడుతుంది, అక్షరాలే మాయమవుతాయి. అప్పుడు ఆ గుంట అంచులు, అడుగు చూడాలి. తర్వాత తగిలిన దెబ్బ లోహాన్ని పక్కకి నెట్టి చిన్న గట్టు కడుతుంది, గ్రీజు అలా చెయ్యదు.

బిళ్ళ తయారీలో వచ్చే తప్పులకీ ఇలాంటి సాక్ష్యాలే ఉంటాయి. రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కోసేటప్పుడు, అంతకుముందే కోసిన కన్నం మీద కత్తెర పడితే బిళ్ళకి చంద్రవంక ఆకారంలో కొరుకుడు పడుతుంది. దీన్ని ఇంట్లో కట్టర్‌తో కూడా చేసేయొచ్చు. మరి తేడా ఎలా? కోసిన బిళ్ళకి తర్వాత మిషన్‌లో చుట్టూ ఒత్తి అంచు లేపుతారు. కొరుకుడు ఉన్నచోట ఒత్తిడి ఉండదు కాబట్టి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా సరిగ్గా లేవదు. అసలు కొరుకుడు బిళ్ళలో సాధారణంగా ఎదుటివైపు అంచు పల్చగా, చచ్చుగా ఉంటుంది. ఇంట్లో కోసినవాడికి ఎదుటివైపు సంగతి తట్టదు, తట్టినా చెయ్యడం కష్టం.

1943 సంగతి అందరికీ తెలిసిందే. యుద్ధానికి రాగి కావాలని ఆ ఏడాది సెంట్లని జింకు పూసిన ఉక్కుతో కొట్టారు. మిగిలిపోయిన రాగి బిళ్ళలు కొన్ని పొరపాటున ప్రెస్‌లోకి వెళ్ళాయి. అలాంటిది ఒకటి 1947లో ఒక స్కూలు కుర్రాడికి చిల్లరలో దొరికింది, 2019 జనవరిలో వేలంలో 2 లక్షల 4 వేల డాలర్లు పలికింది. వీడియోలవాళ్ళు ఇక్కడి వరకూ చెప్పి ఆపేస్తారు. చెప్పనిది ఏంటంటే, ఉక్కు సెంటుకి రాగి పూత పూసేసినవి, 1948లో 8ని గీకి 3 చేసినవి కుప్పలుతెప్పలు. మొదటిదానికి అయస్కాంతం చాలు, ఉక్కు అయితే అతుక్కుంటుంది. బరువు చూస్తే ఉక్కుది 2.7 గ్రాములు, రాగిది 3.11. రెండోదానికి అంకె ఆకారం చూడాలి. అసలు 1943లో 3 తోక మిగతా అంకెల కిందికి బాగా దిగి ఉంటుంది, 8ని కోస్తే ఆ తోక రాదు. పది నిమిషాల పని, రెండు వందల రూపాయల సరంజామా. ఇది కూడా చెయ్యకుండా వేలకి వేలు పోసేవాళ్ళున్నారంటే ఏమనాలి?

1982 కూడా అంతే. ఆ ఏడాది మధ్యలో రాగి నుంచి రాగి పూత పూసిన జింకుకి మారారు. పెద్ద తేదీ, చిన్న తేదీ అని రెండు రకాల అంకెలు వేరే. బరువు 3.11 అయితే రాగి, 2.5 అయితే జింకు. చిన్న తేదీతో, డెన్వరు గుర్తుతో, రాగి బిళ్ళ మీద మాత్రం కొట్టాలని ఎవరూ అనుకోలేదు, పొరపాటున కొట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే బయటపడ్డాయి. మిగతా 1982 సెంట్లు కోట్ల కొద్దీ ఉన్నాయి, విలువ ఒక సెంటు. "1982 సెంటు ఉందా, లక్షాధికారివే" అన్న మాటకీ నిజానికీ మధ్య దూరం అంత. పైగా జింకు సెంట్ల పూత కింద గాలి బుడగలొచ్చి, పూత చీలి, అక్షరాల పక్కన నీడలా కనపడుతుంది. అది కూడా డబుల్డ్ డై కాదు.

ఇక గడప దాటాక జరిగేవాటికి అంతే లేదు. డ్రైయర్‌లో నెలల తరబడి దొర్లిన సెంటు అంచు లోపలికి చుట్టుకుని అచ్చం వింత ఎర్రర్‌లా తయారవుతుంది. రెండు సెంట్లని ఎదురెదురుగా పెట్టి వైస్‌లో బిగిస్తే ఒకదాని అక్షరాలు తిరగబడి రెండోదాని మీద లోతుగా పడతాయి. రెండు వైపులా బొమ్మే ఉన్న సెంటు అంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు గారడీవాళ్ళ సామానే, అంచు లోపల అతుకు గీత వెతకండి, దొరుకుతుంది.

ఇప్పుడు నాతో ఒప్పుకోనివాళ్ళ మాట. "ఇంత తర్కం ఎందుకు? గ్రేడింగ్ కంపెనీకి పంపితే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చీటీ అంటించి ఇస్తారు కదా" అంటారు. నకిలీల బెడద ఉన్న ఖరీదైన నాణేలకి అది అవసరమే, కాదనను. కానీ పంపడానికి అయ్యే ఖర్చు పంపే నాణెం విలువని మించిపోయే సందర్భాలే ఎక్కువ. ఏది పంపాలో తేల్చుకోవాలన్నా మళ్ళీ ఆ మొదటి ప్రశ్న దగ్గరికే రావాలి. చీటీ చదవడం వేరు, నాణెం చదవడం వేరు. మన ఫీల్డులో సర్టిఫికేషన్లకీ పనికీ ఉన్న సంబంధం లాంటిదే ఇదీ, ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంకో అభ్యంతరం నిజంగా బలమైనది. "కారణం తెలిస్తే విలువ తెలుస్తుందన్నావు, మరి మార్కెట్టు ఆ లెక్కన నడవదే?" అని. నిజమే. 1922 సంగతే చూడండి. ఆ ఏడాది డెన్వరు ఒక్కటే సెంట్లు కొట్టింది, 71 లక్షల 60 వేలు. కాబట్టి ప్రతి 1922 సెంటు మీదా డి ఉండాలి. కానీ కొన్నిటి మీద డి లేదు. అరిగిన డైలు, మురికి పట్టిన డైలు, దెబ్బతిన్న డైని సానబెడుతూ గుర్తుని కూడా అరగదీసేయడం, ఇవీ కారణాలు. ఇలా అక్షరాలు మాయమవడం ఏ సంవత్సరంలోనైనా జరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. 1922కి మాత్రం వందలు, వేల డాలర్లు, అదీ బొరుసు వైపు అచ్చు స్పష్టంగా ఉన్న ఒక ప్రత్యేకమైన డై జతకే ఎక్కువ. డి మసకగా కనపడితే ధర పడిపోతుంది. ఎందుకు? ఆ ఏడాది ఫిలడెల్ఫియా సెంట్లే లేవు కాబట్టి, డి లేని సెంటు "ఉండకూడని నాణెం" అయింది. జనానికి కథ నచ్చింది. మరోపక్క, టంకశాల గుర్తు రెండుసార్లు కొట్టిన సెంట్లలో కొన్ని 1955 డబుల్డ్ డై కంటే చాలా తక్కువ సంఖ్యలో దొరికినా పది డాలర్లు కూడా పలకవు, ఎందుకంటే భూతద్దం లేనిదే కనపడవు.

అందుకే నేననేది, కారణం, అరుదు, ధర ఈ మూడూ మూడు వేర్వేరు కాలమ్‌లు. కారణం నాణెం మీదే రాసి ఉంటుంది, ఎవరు చూసినా ఒకటే. అరుదు అంటే ఎన్ని బయటపడ్డాయన్న లెక్క, రేపు ఇంకో సీసా బోర్లిస్తే మారొచ్చు. ధర మనుషుల ముచ్చట, అది దేనికైనా మారుతుంది. మోసం చేసేవాళ్ళు చేసేదల్లా ఈ మూడింటినీ కలిపేయడమే. "ఇది తప్పు, తప్పు కాబట్టి అరుదు, అరుదు కాబట్టి ఖరీదు" అని ఒక్క ఊపులో చెప్పేస్తారు. మొదటి కాలమ్‌ని మీరు సొంతంగా నింపగలిగితే ఆ ఊపు అక్కడే ఆగిపోతుంది.

"ఎవరి దేశం బిళ్ళలో, మనకెందుకీ గోల" అనేవాళ్ళకి నా దగ్గర గొప్ప జవాబేం లేదు. ఒకటి మాత్రం చెప్తాను. 1990 నుంచి టంకశాల గుర్తు కూడా అసలు అచ్చులోనే చేర్చేశారు, చేత్తో కొట్టే పని పోయింది. ఆ దశాబ్దం చివరికల్లా హబ్‌ని ఒకే దెబ్బకి దించే పద్ధతి వచ్చింది. అయినా తప్పులు పూర్తిగా పోలేదు, 2009లో లింకన్ దుంగ మీద కూర్చుని పుస్తకం చదివే సెంట్లలో కొన్నిటి మీద ఆయన చేతికి అదనపు వేళ్ళు మొలిచాయి. కానీ పాత పద్ధతి తప్పులు ఇక కొత్తగా పుట్టవు. ఇప్పుడు జనం వాడకం కోసం కొట్టే సెంటే పుట్టదు. ఫలానా రోజున ఒక పనివాడి సుత్తి రెండోసారి ఎక్కడ పడిందో చెప్పే సాక్ష్యం, ఏ రికార్డుల్లోనూ లేనిది, ఒక సెంటు ఖర్చుతో చేతిలో పెట్టుకుని చూడగలగడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

కాబట్టి సీసా ఎలాగూ ఉంది కదా, ఒక శనివారం మధ్యాహ్నం బోర్లించండి. పది రెట్ల భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, ఒక అయస్కాంతం, దీపం ఒక పక్క నుంచి పడేలా ఒక టేబుల్ లాంప్, ఇవి చాలు. బిళ్ళల్ని మాత్రం తోమకండి. చింతపండుతో రాగి చెంబు తోమినట్టు తోమితే మెరుస్తుంది గానీ, సాక్ష్యమూ పోతుంది, ఉన్న కాస్త విలువా పోతుంది. పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. తేడాగా ఉన్న ప్రతి బిళ్ళకీ నాలుగు గుట్టలు పెట్టండి: డైలో, బిళ్ళలో, కొట్టేటప్పుడు, బయటపడ్డాక. ఎక్కువ భాగం నాలుగో గుట్టలోకే వెళ్తాయి, నిరుత్సాహపడకండి. ఏ గుట్టలో ఎందుకు పెట్టారో పక్కవాళ్ళకి రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే, ఆ బిళ్ళని అమ్మకండి, అలాంటిది ఎవరైనా అమ్మజూపితే కొనకండి. రేటు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.